ట్రక్ క్యాంపర్‌లో లిథియం బ్యాటరీ: దారిలో నింపుకోవడం, హుకప్ లేనిచోట నెగ్గుకురావడం

డాలస్ నుంచి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి 9 గంటల పైనే డ్రైవింగ్. పికప్ ట్రక్ మీద క్యాంపర్ ఎక్కించుకుని, పాత లెడ్ యాసిడ్ బ్యాటరీల స్థానంలో కొత్తగా లిథియం పెట్టించుకుని బయల్దేరిన కుటుంబం, సాయంత్రం చేరేసరికి బ్యాటరీ నిండిపోయి ఉంటుందనే అనుకుంటుంది. తీరా చూస్తే పొద్దున ఉన్నదానికి పది, పదిహేను శాతం మాత్రమే పెరిగి ఉంటుంది. బ్యాటరీలో లోపమేమీ లేదు. ట్రక్ నుంచి క్యాంపర్‌కి కరెంటు వచ్చే దారి ఇరుకు, అంతే.

ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. బ్యాటరీ ఎంత పెద్దదన్నది తర్వాత, దాన్ని రోజూ ఎలా తిరిగి నింపుతారన్నది ముందు. నింపే దారి లేని 400 ఆంప్ అవర్ల కంటే, రోజూ నిండే 200 ఆంప్ అవర్లు మేలు. పైగా ట్రక్ క్యాంపర్‌కి ట్రెయిలర్‌కి లేని సౌకర్యం ఒకటుంది. ట్రెయిలర్‌ని క్యాంప్‌సైట్‌లో వదిలేసి తిరగడానికి వెళ్తారు. క్యాంపర్ మాత్రం మీ నెత్తిమీదే వస్తుంది. ట్రెయిల్‌కి వెళ్ళినా, పాల ప్యాకెట్ కోసం పక్క ఊరికి వెళ్ళినా ఇంజన్ తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ నింపుకోవచ్చు. అందుకే డబ్బు పెట్టే క్రమం కూడా ఇలాగే ఉండాలి: ముందు మీటరు, తర్వాత లావుపాటి వైరు, డీసీ-డీసీ చార్జర్, ఆ తర్వాత సోలార్, చివరగా జనరేటర్.

రోజుకి ఎంత కావాలి

ఏదీ కొనకముందే కాగితం మీద మీ ఇంటి లెక్క రాసుకోండి. 12 వోల్ట్‌ల లిథియం బ్యాటరీ నిజానికి 12.8 వోల్ట్‌లది. కాబట్టి 100 ఆంప్ అవర్లంటే 1280 వాట్ అవర్లు. ఏ వస్తువైనా ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు అని గుణించి 12.8తో భాగిస్తే ఆంప్ అవర్లు వచ్చేస్తాయి. ఇన్వర్టర్ మీద నడిచే వస్తువులకి ఇంకో 10 నుంచి 15 శాతం కలపాలి, ఎందుకంటే ఇన్వర్టర్ కూడా కొంత తినేస్తుంది.

నలుగురున్న తెలుగు కుటుంబానికి ఎండాకాలం దగ్గరపడే రోజుల్లో లెక్క దాదాపు ఇలా ఉంటుంది. 12 వోల్ట్ కంప్రెసర్ ఫ్రిజ్‌కి 50 ఆంప్ అవర్లు. రాత్రంతా తిరిగే రూఫ్ ఫ్యాన్లకి 20. లైట్లు, నీళ్ళ పంపు, ఫోన్లకి 10. ల్యాప్‌టాప్ లేదా చిన్న శాటిలైట్ ఇంటర్నెట్ డిష్ నాలుగు గంటలకి ఇంకో 10. గ్యాస్ లీక్ డిటెక్టర్‌లా ఎప్పుడూ ఆన్‌లో ఉండేవాటికి రోజుకి 3. ఇంతవరకూ 93.

ఇక వంట. 6 క్వార్ట్‌ల ఇన్‌స్టంట్ పాట్ 1000 వాట్లు లాగుతుంది. ప్రెషర్ వచ్చేదాకా పూర్తిగా, ఆ తర్వాత ఆగి ఆగి. పప్పు, అన్నం ఒక పూటకి వండితే 300 వాట్ అవర్లు, ఇన్వర్టర్ నష్టంతో కలిపి 27 ఆంప్ అవర్లు పోతాయి. 550 వాట్ల 110 వోల్ట్ మిక్సీ చూడ్డానికి భయపెడుతుంది కానీ, చట్నీకి అది తిరిగేది రెండు మూడు నిమిషాలే. రోజుకి 4 ఆంప్ అవర్లు వేసుకోండి చాలు. మొత్తం 124. అన్నం, పప్పు గ్యాస్ స్టవ్ మీద మామూలు ప్రెషర్ కుక్కర్‌లో పెట్టేస్తే 97కి దిగుతుంది. ప్రొపేన్ ఎలాగూ క్యాంపర్‌లో ఉంటుంది కాబట్టి, మబ్బు పట్టిన రోజుల్లో మొదట మార్చాల్సింది ఇదే.

ఏసీ ఈ లెక్కలో లేదు. రూఫ్ ఏసీ గంటకి 100 ఆంప్ అవర్ల దాకా లాగేస్తుంది. దానికోసం బ్యాటరీ పెంచడం కంటే ఎత్తైన చల్లని చోటు వెతుక్కోవడం, లేదా ఆ రాత్రికి హుకప్ (కరెంటు ప్లగ్) ఉన్న సైట్ తీసుకోవడం నయం.

లిథియం తీరు వేరు

క్యాంపర్లలో వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. లోపల నాలుగు సెల్స్ వరసలో ఉంటాయి, వాటిని కాపాడే బీఎంఎస్ అనే బోర్డు ఒకటి ఉంటుంది. చార్జ్ మరీ ఎక్కువైనా, మరీ తగ్గినా, చలి ఎక్కువైనా బీఎంఎస్ బ్యాటరీని కట్ చేసేస్తుంది.

లెడ్ యాసిడ్‌లో సగం దాటి వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. లిథియంలో 80, 90 శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇంకో తేడా ఏమిటంటే, వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. 90 శాతం దగ్గరా, 40 శాతం దగ్గరా తేడా వోల్ట్‌లో మూడో వంతు కూడా ఉండదు. క్యాంపర్ గోడ మీద కంపెనీవాళ్ళు పెట్టే నాలుగు లైట్ల ప్యానెల్ లెడ్ యాసిడ్ కోసం చేసింది. లిథియం పెట్టాక అది దాదాపు ఖాళీ అయ్యేదాకా ఫుల్ అనే చూపిస్తుంది.

అందుకే షంట్ తప్పనిసరి, మొదట చెప్పిన మీటరు ఇదే. బ్యాటరీ నెగటివ్ వైపు పెట్టే ఈ చిన్న పరికరం లోపలికి వచ్చే, బయటికి వెళ్ళే ప్రతి ఆంప్‌నీ లెక్కపెట్టి ఫోన్‌లో శాతం చూపిస్తుంది. విక్ట్రాన్ స్మార్ట్‌షంట్ లాంటివి ఎక్కువమంది వాడతారు. ఒకటే నియమం: నెగటివ్ వైర్లన్నీ షంట్ అవతలి వైపుకే వెళ్ళాలి. బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీద షంట్ వైరు తప్ప ఇంకొక్కటి కూడా ఉండకూడదు. సోలార్ నెగటివ్ ఒక్కటి నేరుగా బ్యాటరీకి తగిలించినా ఆ కరెంటు లెక్కలోకి రాదు, వారం తిరిగేసరికి శాతం అంతా తారుమారవుతుంది. సెట్టింగుల్లో ప్యుకెర్ట్ విలువ 1.05, చార్జ్ ఎఫిషియెన్సీ 99 శాతం పెట్టండి.

బంపర్ దగ్గరి ఏడు పిన్నుల ప్లగ్ ఎందుకు చాలదు

క్యాంపర్‌కి లైట్లు, బ్రేక్ సిగ్నల్ అందించే ఏడు పిన్నుల ప్లగ్‌లో చార్జింగ్ కోసం కూడా ఒక పిన్ ఉంటుంది. బ్యాటరీ నిండేది దాంతోనేనని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూద్దాం.

ఇంజన్ దగ్గరి బ్యాటరీ నుంచి క్యాంపర్ బ్యాటరీ దాకా 20 అడుగులు, తిరుగు దారి 20 అడుగులు, మొత్తం 40. వైరు 12 గేజ్ అనుకుంటే దాని రెసిస్టెన్స్ అడుగుకి 1.6 మిల్లీ ఓమ్‌లు, 40 అడుగులకి 64. ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు చేసే అల్టర్నేటర్ 13.6 వోల్ట్‌లు ఇస్తోంది, లిథియం బ్యాటరీ 13.2 దగ్గరుంది. తోసే శక్తి 0.4 వోల్ట్. దాన్ని 0.064తో భాగిస్తే వచ్చేది 6 ఆంపులు. 9 గంటల డ్రైవింగ్‌కి 54 ఆంప్ అవర్లు, అందులో దారిలో ఫ్రిజ్ తినేది 20 పైనే. బిగ్ బెండ్ చేరేసరికి 200 ఆంప్ అవర్ల బ్యాటరీలో పెరిగేది 15 శాతం. మొదట చెప్పిన కుటుంబానికి జరిగింది సరిగ్గా ఇదే.

కొత్త ట్రక్కుల్లో పరిస్థితి ఇంకా కష్టం. మైలేజీ కోసం అల్టర్నేటర్‌ని కంప్యూటర్ నడిపిస్తుంది. ట్రక్ బ్యాటరీ నిండిందనుకోగానే వోల్టేజ్‌ని 13 కిందకి దించేస్తుంది. అప్పుడు చార్జింగ్ సున్నా. ఆ లైన్ ఇంజన్ ఆపినా తెగని రకమైతే, లిథియం వోల్టేజ్ ఎక్కువ కాబట్టి క్యాంపర్ బ్యాటరీయే ట్రక్ బ్యాటరీని పోషిస్తూ ఉంటుంది.

మరి లావు వైరు నేరుగా వేసేస్తే సరిపోదా అని అడుగుతారు. అప్పుడు సమస్య తిరగబడుతుంది. లిథియం లోపలి రెసిస్టెన్స్ చాలా తక్కువ. ఎంత ఇస్తే అంత లాగేస్తుంది. అల్టర్నేటర్‌ని చల్లబరిచే ఫ్యాన్ ఇంజన్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి, ట్రాఫిక్‌లో ఐడిల్ మీద ఉన్నప్పుడు గాలి తక్కువ, లోడు ఎక్కువ. వైండింగ్ కాలిపోయేది ఇక్కడే. ఇంకో ప్రమాదం: అల్టర్నేటర్ నిండుగా ఇస్తున్న క్షణంలో బీఎంఎస్ ఒక్కసారిగా కట్ చేస్తే వోల్టేజ్ ఎగిరి ట్రక్ ఎలక్ట్రానిక్స్‌కే దెబ్బ తగలొచ్చు.

ఈ రెండు సమస్యలకీ మందు డీసీ-డీసీ చార్జర్. ట్రక్ వైపు నుంచి 12 వచ్చినా 14 వచ్చినా, క్యాంపర్ బ్యాటరీకి కావలసిన 14.2 లేదా 14.4 వోల్ట్‌లు తయారుచేసి ఇస్తుంది. తన పరిమితి మించి ఒక్క ఆంప్ కూడా లాగదు.

ఏ సైజు చార్జర్

30 ఆంపులది చాలామందికి సరిపోతుంది. గంటకి 30 చొప్పున ఏడు గంటల డ్రైవింగ్‌లో 200 ఆంప్ అవర్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండుతుంది. విక్ట్రాన్ ఓరియన్ టీఆర్ స్మార్ట్ 12/12-30 ఈ తరగతిలో బాగా తెలిసిన పేరు. రోజూ కొద్ది దూరమే తిరిగేవాళ్ళకి, 300 ఆంప్ అవర్లు దాటిన బ్యాటరీ ఉన్నవాళ్ళకి 50 ఆంపులది మంచిది. ఓరియన్ ఎక్స్ఎస్ 12/12-50లో కరెంటుని ఫోన్ నుంచే తగ్గించుకోవచ్చు, వేడీ తక్కువ. రెనోజీ డీసీసీ50ఎస్, రెడార్క్ బీసీడీసీ లాంటి వాటిల్లో, ప్యానెళ్ళ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే సోలార్ కంట్రోలర్ కూడా కలిసే ఉంటుంది. చోటు తక్కువున్న క్యాంపర్‌కి అది సౌకర్యమే. నేనైతే రెండూ విడివిడిగా ఉండడానికే మొగ్గుతాను. ఒకటి పాడైనా రెండోది పనిచేస్తుంది.

అల్టర్నేటర్ మీద 180 ఆంపులని రాసి ఉంటే అది వేగంగా తిరిగేటప్పుడు. ఐడిల్ మీద, వేడెక్కాక, అందులో సగమే రావచ్చు. ట్రక్ సొంత అవసరాలూ ఉంటాయి: హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, ఫ్యూయెల్ పంపు. రాసి ఉన్న అంకెలో మూడో వంతు మించి క్యాంపర్‌కి మళ్ళించకపోతే అల్టర్నేటర్ చాలాకాలం మన్నుతుంది. పెద్ద డీజిల్ ట్రక్కుల్లో రెండు అల్టర్నేటర్ల ఆప్షన్ ఉన్నవాళ్ళకి ఈ టెన్షన్ లేదు.

30 ఆంపులు బయటికి ఇవ్వాలంటే చార్జర్ లోపలికి లాగేది 37 ఆంపుల దాకా ఉంటుంది. వోల్టేజ్ పెంచడానికీ వేడిగా పోయేదానికీ అయ్యే ఖర్చు అది. వైరు, ఫ్యూజు ఎంచుకోవాల్సింది ఈ 37 చూసి.

వైరు లావు

గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు. 40 అడుగుల రాకపోకల దూరానికి 37 ఆంపులు వెళ్తే 10 గేజ్‌లో పోయేది దాదాపు 1.5 వోల్ట్‌లు, 6 గేజ్‌లో 0.6, 4 గేజ్‌లో 0.37, 2 గేజ్‌లో 0.23. నా ఓటు 30 ఆంపులకి 4 గేజ్, 50కి 2 గేజ్. చార్జర్ వోల్టేజ్ పెంచుకుంటుంది కదా, సన్న వైరు చాలదా అనొచ్చు. అక్కడ తగ్గిన వోల్టేజ్‌కి బదులుగా అది ఇంకా ఎక్కువ ఆంపులు లాగుతుంది, వైరు ఇంకా వేడెక్కుతుంది. వోల్టేజ్ మరీ పడిపోతే ఇంజన్ ఆగిపోయిందనుకుని చార్జర్ ఆగిపోతుంది, ఆగగానే వోల్టేజ్ లేచి మళ్ళీ మొదలవుతుంది. దారి పొడుగునా ఇదే తంతు.

స్వచ్ఛమైన రాగి వైరే కొనండి, సన్న పోగులు ఎక్కువున్న మెత్తటి రకం. ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికేవి చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత వేసినవి. అదే గేజ్ అని రాసున్నా వాటి రెసిస్టెన్స్ ఎక్కువ, వైరు చివర బిగించే లగ్గుల దగ్గర తుప్పు పడుతుంది.

బిగించే క్రమం

ముందు చేతి ఉంగరాలు, కడియాలు, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. ట్రక్ బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. క్యాంపర్ బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేయండి, షోర్ పవర్ (బయటి సాకెట్ నుంచి వచ్చే 120 వోల్ట్ కరెంటు) తీసేయండి, సోలార్ ప్యానెళ్ళ వైరు ఊడదీయండి.

1. ఏడు పిన్నుల ప్లగ్ నుంచి వచ్చే చార్జింగ్ వైరుని క్యాంపర్ లోపల, బ్యాటరీకి కలిసేచోట విడదీసి చివర ఇన్సులేట్ చేయండి. దీన్ని వదిలేస్తే డీసీ-డీసీ చార్జర్ ఇచ్చిన కరెంటు ఆ వైరు గుండా ట్రక్‌కి వెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ చార్జర్‌లోకి వచ్చి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మెకానిక్కులు కూడా తరచుగా మర్చిపోయే పని ఇది. బ్రేక్, ఇండికేటర్ వైర్ల జోలికి వెళ్ళకండి.

2. ట్రక్ బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక అడుగు లోపే ఫ్యూజు పెట్టండి. 30 ఆంపుల చార్జర్‌కి 60 ఆంపుల ఫ్యూజు. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడడానికి. బ్యాటరీకి, ఫ్యూజుకి మధ్య ఉన్న వైరుకి రక్షణ ఏదీ ఉండదు కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

3. నెగటివ్‌ని ట్రక్ బాడీ మీద వదిలేయకుండా విడిగా అంతే లావు వైరు లాగండి. 2015 నుంచి ఫోర్డ్ ఎఫ్-150 బాడీ అల్యూమినియంది, నట్టు బిగించిన చోట తుప్పు పట్టి కాలక్రమంలో పట్టు వదులుతుంది. ఒక మెలిక ఉంది. చాలా కొత్త ట్రక్కుల్లో బ్యాటరీ నెగటివ్ క్లాంప్‌కి ఒక చిన్న సెన్సర్ ఉంటుంది, బ్యాటరీలోకి వెళ్ళే కరెంటుని ట్రక్ దానితోనే కొలుస్తుంది. మీ వైరుని నేరుగా నెగటివ్ పోస్ట్‌కి బిగిస్తే ఆ సెన్సర్‌ని దాటేసినట్టు, ట్రక్ కంప్యూటర్ లెక్క తప్పుతుంది. ఆ సెన్సర్ అవతల, ఫ్యాక్టరీ గ్రౌండ్ వైరు ఛాసిస్‌కి కలిసిన బోల్ట్ దగ్గర బిగించండి.

4. వైరుని ఛాసిస్ రైలు వెంట, సైలెన్సర్ పైపుకీ డ్రైవ్ షాఫ్ట్‌కీ దూరంగా లాగండి. డీజిల్ ట్రక్కుల్లో ఎగ్జాస్ట్ ఫిల్టర్ శుభ్రపడే సమయంలో ఆ చుట్టుపక్కల వేడి విపరీతంగా ఉంటుంది, అటువైపు అసలు వద్దు. పొడవునా ప్లాస్టిక్ లూమ్ తొడిగి, అడుగుకో టై వేయండి. రేకు రంధ్రంలోంచి వెళ్ళే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి. గతుకుల రోడ్ల మీద నెలల తరబడి రేకు అంచుకి రాసుకున్న వైరు ట్రక్కుల్లో మంటలకి కారణం అవుతుంది.

5. క్యాంపర్ దించాలంటే ఊడదీయడానికి వీలుగా ట్రక్ బెడ్ ముందు గోడ దగ్గర అండర్సన్ కనెక్టర్ పెట్టండి. ఎస్‌బీ50లో 6 గేజ్ దాకానే పడుతుంది. 4 గేజ్, 2 గేజ్ అయితే ఎస్‌బీ120 గానీ ఎస్‌బీ175 గానీ తీసుకోండి. క్యాంపర్ లేనప్పుడు దుమ్ము పడకుండా రబ్బరు మూత తొడగండి.

6. డీసీ-డీసీ చార్జర్‌ని క్యాంపర్ బ్యాటరీకి దగ్గరగా బిగించండి. 30 ఆంపులది 60 వాట్ల దాకా వేడి వదులుతుంది. మూసిన పెట్టెలో పెడితే తనకు తానే ఔట్‌పుట్ తగ్గించుకుంటుంది. చుట్టూ అరచేతి వెడల్పు ఖాళీ ఉంచండి, అరుగు మీద కాకుండా గోడకి నిలువుగా బిగించండి.

7. చార్జర్ నుంచి క్యాంపర్ బ్యాటరీకి వెళ్ళే పాజిటివ్‌కి కూడా బ్యాటరీ దగ్గర ఫ్యూజు వేయండి. ఈ వైరుకి రెండు చివర్లా బ్యాటరీలే ఉన్నాయి, ఎటువైపు నుంచైనా షార్ట్ సర్క్యూట్ కరెంటు రావచ్చు. క్యాంపర్ బ్యాటరీ మెయిన్ ఫ్యూజు మాత్రం క్లాస్ టీ రకం పెట్టండి. లిథియం షార్ట్ అయితే వచ్చే వేల ఆంపుల్ని మామూలు ఫ్యూజు ఆపలేకపోవచ్చు, కరిగినా లోపల ఆర్క్ సాగుతూనే ఉంటుంది. క్లాస్ టీ 20,000 ఆంపుల్ని కూడా తెంచగలదు. ఇక్కడ 40 డాలర్లు మిగుల్చుకోకండి.

8. చార్జర్ రిమోట్ టెర్మినల్‌కి ఇగ్నిషన్‌తో ఆన్ అయ్యే వైరు ఇవ్వండి, మధ్యలో చిన్న స్విచ్ పెట్టండి. ఇంజన్ తిరుగుతోందో లేదో వోల్టేజ్ చూసి చార్జర్ పసిగట్టగలదు గానీ, స్మార్ట్ అల్టర్నేటర్లతో అది తడబడుతుంది. ఆ స్విచ్ ఇంకా పనికొస్తుంది: ఎండలో పెద్ద ఘాట్ ఎక్కుతున్నప్పుడు, గంటసేపు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు చార్జింగ్ ఆపి అల్టర్నేటర్‌కి ఊపిరినివ్వొచ్చు.

లగ్గుల క్రింపింగ్ విషయంలో రాజీ వద్దు. సుత్తితో కొట్టే క్రింపర్ కాకుండా హైడ్రాలిక్ క్రింపర్ వాడండి, అద్దెకీ దొరుకుతుంది. క్రింప్ అయ్యాక లగ్గు పట్టుకుని గట్టిగా లాగండి. అప్పుడు రాకపోతే దారిలో కూడా రాదు. తర్వాత హీట్ ష్రింక్ వేయండి.

సెట్టింగులు, పరీక్ష

బ్యాటరీతో వచ్చిన కాగితంలో ఉన్న అంకెలే ప్రమాణం. అది చేతిలో లేకపోతే అబ్సార్ప్షన్ (చివరిదాకా నింపే దశ) 14.2 వోల్ట్‌లు, అరగంట నుంచి గంట, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే దశ) 13.5. ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్‌కి అప్పుడప్పుడు ఇచ్చే ఎక్కువ వోల్టేజ్) పూర్తిగా ఆఫ్. టెంపరేచర్ కాంపెన్సేషన్ కూడా ఆఫ్. అది లెడ్ యాసిడ్‌కి సంబంధించింది, చలిలో వోల్టేజ్ పెంచి బీఎంఎస్‌ని కట్ అయ్యేలా చేస్తుంది. డీసీ-డీసీ, సోలార్, షోర్ పవర్ చార్జర్ మూడింటిలోనూ ఒకే అంకెలు పెట్టండి.

పరీక్ష చేసేటప్పుడు బ్యాటరీ సగం ఖాళీగా ఉండాలి, నిండి ఉంటే చార్జర్ పూర్తిగా లాగదు. ఇంజన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు ఆగండి. మల్టీమీటర్‌తో ట్రక్ బ్యాటరీ దగ్గర వోల్టేజ్ చూడండి, వెంటనే చార్జర్ ఇన్‌పుట్ దగ్గర చూడండి. తేడా అర వోల్ట్ లోపు ఉంటే పని బాగా జరిగినట్టే. అంతకంటే ఎక్కువుంటే మీటరు ఒక కాడ ట్రక్ పాజిటివ్ దగ్గరే ఉంచి, రెండో కాడతో ఫ్యూజు అవతల, అండర్సన్ ముందు, అండర్సన్ తర్వాత అని ఒక్కో జాయింటూ చూసుకుంటూ వెళ్ళండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరితే అక్కడే లోపం. ఒకసారి గంట డ్రైవ్ చేసి వచ్చి ప్రతి జాయింటూ చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ లగ్గు మళ్ళీ కొత్తగా కొట్టాల్సిందే.

వైరింగ్ వద్దనుకునేవాళ్ళకి

2021 నుంచి వచ్చిన ఎఫ్-150లో ప్రో పవర్ ఆన్‌బోర్డ్ ఆప్షన్ ఉంటే బెడ్‌లోనే 120 వోల్ట్ సాకెట్లు ఉంటాయి. పెట్రోల్ ఇంజన్‌లో 2 కిలోవాట్లు, హైబ్రిడ్‌లో 2.4 లేదా 7.2. క్యాంపర్ షోర్ కార్డ్‌ని అందులో పెట్టేస్తే ఇంట్లో ప్లగ్ పెట్టినట్టే, నడుస్తున్నప్పుడు కూడా. మిగతా చాలా ట్రక్కుల్లో బెడ్ సాకెట్ 400 వాట్లదే. దానిమీద 20 ఆంపుల చిన్న లిథియం చార్జర్ నడుస్తుంది, 120 వోల్ట్‌ని 12కి మార్చే క్యాంపర్ మెయిన్ కన్వర్టర్ నడవదు. కొన్ని బండ్లలో గేర్ పార్క్‌లోంచి తీయగానే ఆ 400 బాగా తగ్గిపోతుంది, మాన్యువల్ చూసుకోండి.

బండి ఆగినచోట: సోలార్

క్యాంపర్ రూఫ్ చిన్నది. ఏసీ, ఫ్యాన్, హ్యాచ్ పోగా 300 వాట్ల ప్యానెళ్ళు పడితే గొప్ప. రూఫ్ మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కి వేసవి, చలికాలం మధ్య తేడా చాలా ఎక్కువ. లెక్క తేలిక: వాట్లు, నికరంగా ఎండ తగిలే గంటలు, 0.7 గుణించండి. మార్చి నెల పశ్చిమ టెక్సస్‌లో ఐదున్నర గంటలు వేసుకుంటే 300 వాట్లకి 1155 వాట్ అవర్లు, అంటే 85 నుంచి 90 ఆంప్ అవర్లు. అదే ప్యానెళ్ళు డిసెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో రోజుకి 20 ఆంప్ అవర్లు ఇచ్చినా సంతోషించాల్సిందే.

కంట్రోలర్ ఎంపీపీటీ రకమే తీసుకోండి. ముందు బ్యాటరీ వైపు వైర్లు బిగించి, ఆ తర్వాతే ప్యానెల్ వైర్లు కలపండి. విప్పేటప్పుడు దీనికి తిరగేసి. రూఫ్ మీద ఏసీ నీడ ఒక ప్యానెల్ మీద పడుతుంటే పారలల్ కనెక్షన్ మంచిది, నీడలో ఉన్న ప్యానెల్ మిగతాదాన్ని లాగేయదు. నీడ సమస్య లేకపోతే సిరీస్‌లో వైరు సన్నగా సరిపోతుంది, పొద్దున త్వరగా మొదలవుతుంది.

మడత పెట్టే 200 వాట్ల ప్యానెల్ ఒకటి అదనంగా ఉంచుకోమని గట్టిగా చెబుతాను. ఎండలో క్యాంపర్ పెడితే లోపల ఉడికిపోతాం, నీడలో పెడితే రూఫ్ ప్యానెళ్ళు పనిచేయవు. ఈ ఇబ్బందికి విరుగుడు ఇదొక్కటే. క్యాంపర్ చెట్టు కింద, ప్యానెల్ 25 అడుగుల దూరంలో ఎండలో. సూర్యుడి వైపు వంచి, రోజులో రెండు మూడుసార్లు తిప్పితే పడుకోబెట్టిన ప్యానెల్ కంటే బాగా ఎక్కువ ఇస్తుంది, ముఖ్యంగా చలికాలంలో. దీనికి విడి కంట్రోలర్ ఉండాలి, రూఫ్ ప్యానెళ్ళతో కలిపేయకండి.

జనరేటర్

మబ్బులు మూడు రోజులు కదలకపోతే 2200 వాట్ల చిన్న ఇన్వర్టర్ జనరేటర్ ఆదుకుంటుంది. హోండా ఈయూ2200ఐ నిలకడగా ఇచ్చేది 1800 వాట్లు, ఎత్తుకి వెళ్ళేకొద్దీ ఇంకా తగ్గుతుంది. 60 ఆంపుల చార్జర్‌కి కావలసింది 1000 వాట్ల పైచిలుకు కాబట్టి రెండు గంటల్లో 120 ఆంప్ అవర్లు, ఒక రోజు ఖర్చు తిరిగొస్తుంది. కానీ క్యాంపర్‌తో వచ్చిన పాత కన్వర్టర్ 13.6 వోల్ట్‌ల దగ్గరే ఆగిపోతే జనరేటర్ గంటలకొద్దీ మోగినా బ్యాటరీలోకి వెళ్ళేది కొంచెమే. లిథియం సెట్టింగ్ ఉన్న కన్వర్టర్‌తో మార్చాకే జనరేటర్ గురించి ఆలోచించండి.

జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, ప్రాణం తీస్తుంది. ట్రక్ బెడ్‌లో పెట్టి నడపకండి, క్యాంపర్ కిటికీలకి దూరంగా, గాలి వాలుకి పెట్టండి. బిగ్ బెండ్ బ్యాక్‌కంట్రీ రోడ్డు పక్క సైట్లలో జనరేటర్ పూర్తిగా నిషేధం. క్యాంప్‌గ్రౌండ్లలో అనుమతి ఉన్నచోట కూడా నిర్ణీత వేళల్లోనే.

చలి

సున్నా డిగ్రీల సెల్సియస్ కింద, అంటే 32 ఫారెన్‌హీట్ కింద, లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుపోతుంది, అది తిరిగి రాని నష్టం. వాడుకోవడానికి మాత్రం ఇబ్బంది లేదు. మంచి బీఎంఎస్ తనే ఆపేస్తుంది. అయినా దానిమీదే భారం వేయకుండా సోలార్ కంట్రోలర్‌లో 5 డిగ్రీల దగ్గర కట్ఆఫ్ పెట్టండి. ఫ్లాగ్‌స్టాఫ్‌లోనో కొలరాడోలోనో గడ్డకట్టిన పొద్దున బయల్దేరేటప్పుడు డీసీ-డీసీ స్విచ్ ఆఫ్‌లో ఉంచి, క్యాంపర్ లోపల వెచ్చబడ్డాక ఆన్ చేయండి. బ్యాటరీని బయటి అరలోంచి మంచం కిందికో, డైనెట్ సీటు కిందికో మార్చుకుంటే సగం సమస్య తీరుతుంది. లెడ్ యాసిడ్‌లా గ్యాస్ వదలదు కాబట్టి లోపల పెట్టుకోవచ్చు, కదలకుండా గట్టిగా కట్టండి.

బిగ్ బెండ్ లెక్క

200 ఆంప్ అవర్ల బ్యాటరీ, 30 ఆంపుల డీసీ-డీసీ, రూఫ్ మీద 300 వాట్లు. మార్చిలో డాలస్ నుంచి బయల్దేరి సాయంత్రానికి పార్కు చేరేసరికి బ్యాటరీ నిండిపోతుంది. మరుసటి రోజు పార్కులోని రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉండిపోయారు. ఖర్చు 124, సోలార్ 88, లోటు 36. మర్నాటికి బ్యాటరీ 80 శాతం పైన. ఆ రోజు శాంటా ఎలేనా కాన్యన్‌కి వెళ్ళారు. వెళ్ళిరావడం మూడు గంటల పైనే, డీసీ-డీసీ ఇచ్చేది 90. ఆ పూట ప్యానెళ్ళు కూడా ఎండలోనే తిరుగుతున్నాయి. లోటు తీరి బ్యాటరీ మళ్ళీ నిండుతుంది. ఈ లెక్కన ఒక రోజు కూర్చుని, ఒక రోజు తిరిగితే జనరేటర్ తీసే అవసరమే రాదు. రెండు రోజులు వరసగా మబ్బు పట్టి, కదలకుండా కూర్చుంటే మాత్రం రెండో రోజు సాయంత్రానికి 20 శాతం దగ్గరికి వస్తుంది. అప్పుడు వంట గ్యాస్ మీదికి మార్చండి, లేదా గంటసేపు ఎక్కడికైనా తిరిగి రండి. ఐడిల్ మీద ఇంజన్ గంటలకొద్దీ ఉంచి చార్జ్ చేయడం మాత్రం వద్దు. పెట్రోల్ దండగ, అల్టర్నేటర్‌కి వేడి, పక్క సైట్లవాళ్ళకి మోత.

క్యాంపర్ దించేటప్పుడు, ఇంటి దగ్గర ఉంచేటప్పుడు

జాక్‌లు ఎత్తకముందే అండర్సన్ కనెక్టర్, ఏడు పిన్నుల ప్లగ్ రెండూ ఊడదీయండి. దించిన క్యాంపర్‌కి ఇక ట్రక్ చార్జింగ్ ఉండదు, ఎలక్ట్రిక్ జాక్‌లు నడిచేదీ క్యాంపర్ బ్యాటరీ మీదే. మళ్ళీ ఎక్కించుకోవడానికి సరిపడా, కనీసం 30 శాతం, మిగిలేలా చూసుకోండి.

నెలల తరబడి వాడనప్పుడు బ్యాటరీని 50, 60 శాతం దగ్గర ఉంచి మెయిన్ స్విచ్ ఆఫ్ చేయండి. ఎప్పుడూ 100లో ఉంచడం, అదీ ఫీనిక్స్ వేసవి వేడిలో, సెల్స్‌ని త్వరగా ముసలివి చేస్తుంది. మెయిన్ స్విచ్ లేకపోతే గ్యాస్ డిటెక్టర్, రేడియో లాంటివి కలిసి రోజుకి 3 ఆంప్ అవర్లు తింటూ రెండు నెలల్లో బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసేస్తాయి. మళ్ళీ బయల్దేరే ముందురోజు రాత్రి షోర్ పవర్‌లో పెట్టి 100 శాతం చేయండి. షంట్ కూడా అప్పుడే తన లెక్క సరిచేసుకుంటుంది, సెల్స్ కూడా సమానమవుతాయి. పొద్దున ఇంజన్ స్టార్ట్ చేశాక ఫోన్‌లో డీసీ-డీసీ ఆన్ అయిందో లేదో చూసుకుని గేర్ వేయండి.